గడ్డం తొండకు సొంత సూర్యుడు

కంచె మీద కూర్చుని తల పైకీ కిందకీ ఆడించే తొండను చూడని తెలుగువాళ్లు ఉండరు. అది మనల్నే వెక్కిరిస్తోందనుకుని చిన్నప్పుడు రాయి విసిరినవాళ్లూ తక్కువేం కాదు. ఆ తొండకే దూరపు చుట్టం ఒకటి అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఎన్నో ఇళ్లలో దర్జాగా కాపురం చేస్తోంది. దాని పేరు బియర్డెడ్ డ్రాగన్. కోపమొస్తే గొంతు కింద ముళ్లముళ్లుగా ఉండే చర్మాన్ని ఉబ్బించి నల్లగా మార్చేస్తుంది. చూడ్డానికి గడ్డం పెంచినట్టే ఉంటుంది. అందుకే ఆ పేరు. మనం సులువుగా గడ్డం తొండ అనుకుందాం.

డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న మనవడు వీడియో కాల్‌లో దాన్ని భుజం మీద ఎక్కించుకుని చూపిస్తే, ఇక్కడ అమ్మమ్మ ‘రామ రామ... తొండేమిట్రా ఇంట్లో!’ అని గుండెలు బాదుకుంటుంది. నిజానికి భయపడాల్సినంత ప్రాణి కాదది. మెల్లగా కదులుతుంది, మనుషులకు త్వరగా అలవాటు పడుతుంది, అరవదు, కరవడం అరుదు. పిల్లలకు నచ్చడానికి ఇంతకన్నా ఏం కావాలి!

చిక్కంతా ఆ ‘అరవదు’ అన్న దగ్గరే ఉంది. కుక్కపిల్లకు ఒంట్లో బాగోకపోతే మూలుగుతుంది. పిల్లి మూలకు చేరి అన్నం మానేస్తుంది. గడ్డం తొండ మాత్రం నెలల తరబడి లోలోపల చిక్కిపోతున్నా పైకి తెలియనివ్వదు. మనకు తెలిసేసరికి కాళ్లు వంకరపోయి ఉంటాయి. దానికొచ్చే జబ్బుల్లో చాలావాటికి కారణం క్రిములు కాదు... మనం కట్టిన గూడే!

ఎడారి బిడ్డ

శాస్త్రవేత్తలు పొగోనా విట్టిసెప్స్ అని పిలిచే ఈ జీవి సొంతూరు ఆస్ట్రేలియా నడిబొడ్డు. అక్కడి ఎడారులు, ముళ్లపొదలు, పొడి అడవుల్లో తిరుగుతుంటుంది. తెల్లారగానే కంచె గుంజో ఎండిన మోడో ఎక్కి ఎండకు కూర్చుంటుంది. అప్పుడు ఒంటి రంగును కాస్త ముదురుగా మార్చుకుంటుంది, వేడిని త్వరగా పీల్చుకోవడానికి. ఒళ్లు వెచ్చబడ్డాక రంగు తేలికవుతుంది. మరీ వేడెక్కితే నోరు తెరుచుకుని కూర్చుంటుంది. అప్పటికీ తట్టుకోలేకపోతే నీడకో బొరియలోకో దిగిపోతుంది. పొద్దస్తమానం ఎండకీ నీడకీ మధ్య తిరగడమే దాని దినచర్య.

ఇలా ఎందుకంటే, మనలాగా దాని ఒంట్లో వేడి పుట్టదు. బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే. వెచ్చదనం లేకపోతే తిన్నది అరగదు, కండరాలు పనిచేయవు, రోగాన్ని ఎదుర్కొనే శక్తీ తగ్గిపోతుంది. కాబట్టి దాన్ని తెచ్చి గాజు పెట్టెలో పెట్టామంటే ఆ పెట్టెలో సూర్యుడి పని, చెట్టునీడ పని రెండూ మనవే. గూడు కట్టే పద్ధతంతా ఈ ఒక్క మాటలోనే ఉంది.

ఎంత పెద్దది?

దుకాణంలో చూసేసరికి పిల్ల తొండ అరచేతిలో ఇమిడిపోతుంది. పక్కనే ఒక చిన్న గాజు తొట్టె. రెండూ కలిపి చవగ్గా ఇస్తామంటారు. అక్కడే ఆగాలి. ఏడాది తిరిగేసరికి అది తోకతో కలిపి 45 నుంచి 60 సెంటీమీటర్ల దాకా ఎదుగుతుంది. అంటే దాదాపు మూర పొడవు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అప్పుడు చేపల తొట్టెలాంటి పెట్టెలో అది వెనక్కి తిరగడానికే ఇబ్బంది పడుతుంది.

పెద్ద తొండకు కనీసం 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉన్న గూడు కావాలి. ఇంతకన్నా పెద్దదైతే మరీ మంచిది. పొడవు మీద ఎందుకింత పట్టుదల అంటే, ఒక చివర వేడిగా, మరో చివర చల్లగా ఉంచగలిగేది పొడవాటి గూట్లోనే. రెండడుగుల పెట్టెలో దీపం వేస్తే మొత్తం ఒకేలా కాగిపోతుంది. తొండకు తప్పించుకునే చోటుండదు.

గూటి తలుపు పైన కాకుండా ముందువైపు ఉంటే మేలు. అడవిలో దీనికి చావు గద్ద రూపంలో పైనుంచే వస్తుంది. అందుకే ప్రేమతోనే అయినా పైనుంచి చెయ్యి దించితే హడలిపోతుంది. ముందు నుంచి, దానికి కనిపించేలా చెయ్యి చాపితే త్వరగా మచ్చికవుతుంది.

అన్నట్టు, రెండు తొండల్ని ఒకే గూట్లో పెట్టి ‘తోడు’ కల్పించాలని చూడొద్దు. రెండు మగవి అయితే కొట్టుకుంటాయి. ఆడా మగా అయితే మగది ఆడదాన్ని ఊపిరి తీసుకోనివ్వదు. ఒకదాని మీద మరొకటి ఎక్కి పడుకుంటే చూసి మురిసిపోతాం కానీ, తరచూ అది ప్రేమ కాదు... దీపం కింద చోటు కోసం పోటీ! ఎప్పుడూ కిందే ఉండే తొండకు వెలుగూ తిండీ అందక నెమ్మదిగా నీరసపడుతుంది. ఒంటరితనం దీనికి బెంగ కాదు, హాయి.

ఒక వైపు ఎండ, ఒక వైపు నీడ

గూటికి ఒక చివర ఎండ దీపం అమర్చాలి. తెల్లటి వెలుగునిచ్చే హాలోజెన్ బల్బు ఇందుకు బాగా పనికొస్తుంది. దాని కింద ఒక చదునైన రాయో, లావుపాటి కొమ్మో ఉంచితే తొండ ఎక్కి కూర్చుంటుంది. ఆ రాయి పైభాగం 38 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. అమెరికా లెక్కలో చెప్పాలంటే 100 నుంచి 108 ఫారన్‌హీట్. రెండో చివర మాత్రం 25 డిగ్రీల దగ్గర ఉండాలి. ఈ రెంటి మధ్యలో ఎక్కడ కూర్చోవాలో తొండే చూసుకుంటుంది. మనం నిర్ణయించక్కర్లేదు.

వేడిని చేత్తో తాకి అంచనా వేయొద్దు. గాజుకు అతికించే గుండ్రటి ముల్లు థర్మామీటర్లు ఆ గోడ దగ్గరి గాలి సంగతే చెబుతాయి, రాయి సంగతి చెప్పవు. తీగ చివర కొలిచే డిజిటల్ థర్మామీటరో, గురిపెట్టి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరో కొనుక్కోవాలి. ఈ ఖర్చుకు వెనకాడితే మిగతా ఖర్చంతా వృథా.

దుకాణాల్లో కరెంటుతో వేడెక్కే ‘హాట్ రాక్’ రాళ్లు అమ్ముతుంటారు. వాటి జోలికి పోవద్దు. తొండలు కోట్ల ఏళ్లుగా వేడిని వీపుతో, పైనుంచి అందుకున్నాయి. పొట్ట కింద రాయి కాలిపోతున్నా వెంటనే లేచిపోవాలని దానికి తోచదు. పొట్ట చర్మం కమిలిపోయాక ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తుంది. అలాగే బల్బు గూటి లోపల ఉంటే చుట్టూ ఇనుప జాలీ తప్పనిసరి.

రాత్రి దీపాలన్నీ ఆర్పేయాలి. ఎడారిలో రాత్రిళ్లు చల్లగానే ఉంటాయి కదా! గది వేడి 18 డిగ్రీలకు తగ్గనంతవరకూ ఏ హీటరూ అక్కర్లేదు. మంచు కురిసే ఊళ్లలో ఇల్లు అంతకన్నా చల్లబడితే వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటర్‌ను థర్మోస్టాట్‌తో కలిపి పెట్టుకోవచ్చు. రాత్రి కోసమంటూ అమ్మే ఎర్ర బల్బులు మాత్రం వద్దు. ఆ వెలుగు దానికి కనిపిస్తుంది, నిద్ర పాడవుతుంది. అసలు దీని నడినెత్తిన వెలుగుచీకట్లను పసిగట్టే చిన్న మచ్చలాంటి మూడో కన్ను కూడా ఉంది! ముక్కంటి నిద్రను చెడగొట్టడం ఎందుకు చెప్పండి?

కనిపించని కిరణమే కీలకం

చాలామంది వేడి దగ్గర ఆగిపోతారు. అసలు కథ ఆ తర్వాతే.

ఎండలో మన కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలుంటాయి. వాటిలో ‘బి’ రకం తొండ చర్మం మీద పడినప్పుడు విటమిన్ డి3 తయారవడం మొదలవుతుంది. అది పూర్తికావడానికి ఒంటి వెచ్చదనం కూడా తోడవ్వాలి. ఆ విటమిన్ ఉంటేనే తిన్న తిండిలోని కాల్షియం ఒంటికి పడుతుంది. లేకపోతే రక్తానికి కావాల్సిన కాల్షియాన్ని శరీరం ఎముకల్లోంచే లాక్కుంటుంది. దవడ మెత్తబడుతుంది, కాళ్లు వణుకుతాయి, వెన్ను వంగిపోతుంది, చిన్న దెబ్బకే ఎముక విరుగుతుంది. పిల్లలకొచ్చే రికెట్స్ గురించి విన్నాం కదా... దాదాపు అలాంటిదే. వంకరపోయిన ఎముక మళ్లీ తిన్నగా కాదు.

మామూలు బల్బులు ఈ కిరణాలను ఇవ్వవు. సరీసృపాల కోసమే తయారుచేసే పొడవాటి యూవీబీ ట్యూబ్‌లైటు కావాలి. అందులోనూ ఎడారి జీవుల కోసమని రాసి ఉన్న, 10 నుంచి 12 శాతం రకం టీ5 ట్యూబు తీసుకోవాలి. అది గూటి పొడవులో సగానికి తగ్గకుండా ఉండాలి. ఎండ దీపం ఉన్న వైపే దీన్నీ బిగించాలి. అసలు ఎండలో వేడీ ఈ కిరణాలూ కలిసే వస్తాయి కాబట్టి గూట్లోనూ అలాగే కలిసి రావాలి. ఎంత ఎత్తులో బిగించాలన్నది ట్యూబు డబ్బా మీద తయారీదారు ఇచ్చిన పట్టిక ప్రకారం చూసుకోవాలి. దగ్గరైతే కళ్లకు ప్రమాదం, దూరమైతే దండగ.

ఇక్కడే మూడు పొరపాట్లు ఎక్కువగా జరుగుతుంటాయి.

మొదటిది... ‘మా గూడు కిటికీ పక్కనే ఉంది, ఎండ బాగా పడుతుంది’ అనుకోవడం. కిటికీ అద్దం వెలుగును రానిస్తుంది కానీ ఆ ‘బి’ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. పైగా మూసిన గాజు గూటి మీద నేరుగా ఎండ పడితే లోపల పొయ్యిలా కాగి ప్రాణానికే ముప్పు.

రెండోది... ట్యూబును గూటి పైకప్పు జాలీ మీద పెట్టేయడం. సన్నటి జాలీ ఆ కిరణాల్లో మూడో వంతు నుంచి సగం దాకా మింగేస్తుంది. ఆ లెక్క చూసుకుని దూరం సర్దాలి.

మూడోది... ట్యూబు వెలుగుతోంది కదా అని ఏళ్ల తరబడి వాడటం. వెలుగు అలాగే ఉన్నా కిరణాల బలం తగ్గిపోతుంటుంది. మామూలుగా ఏడాదికోసారి మార్చాలి. కొన్న తేదీని ట్యూబు చివర రాసిపెట్టుకుంటే మరిచిపోరు.

దీపాలన్నిటికీ ఒక టైమర్ పెట్టేస్తే రోజుకు 12 గంటలు వెలిగి వాటంతటవే ఆరిపోతాయి. వేసవిలో 14, చలికాలంలో 10 గంటలుగా మార్చుకుంటే దాని సొంతూరి రుతువులు గూట్లోకి వచ్చినట్టే.

నేల, నీరు, గాలి

గూటి నేల మీద ఏం పరచాలి? ఎడారి జీవి కాబట్టి ఇసుకే అని చాలామంది అనుకుంటారు. ఆస్ట్రేలియాలో అది తిరిగే నేల చాలాచోట్ల గట్టి ఎర్రమట్టి. వదులు ఇసుకను పురుగులతోపాటు మింగితే, ముఖ్యంగా పిల్ల తొండలకు, ఒంట్లో నలతగా ఉన్నవాటికి పేగులు పూడుకుపోయే ప్రమాదముంది. కొత్తగా పెంచేవాళ్లకు గరుకు పలకలే మేలు. ఇళ్లలో నేలకు వేసే నునుపు లేని టైల్స్ చాలు. కడుక్కోవడం తేలిక, గోళ్లూ అరుగుతాయి. పిల్ల తొండకైతే పాత న్యూస్‌పేపర్ పరిచినా నిక్షేపంలా ఉంటుంది. ఈ పేజీ చదివాక దాచుకుంటారో, పరుస్తారో మీ ఇష్టం!

ఎక్కడానికి ఒక లావుపాటి కొమ్మ, గోళ్లు గీరుకోవడానికి గరుకు రాయి, చల్లటి వైపు దూరి దాక్కోవడానికి బోర్లించిన కుండ పెంకులాంటి చాటు... ఇవి ఉండాలి. బరువైన రాళ్లను పరిచిన వాటిమీద కాకుండా గూటి అడుగుకే ఆనించి పెట్టాలి. లేకపోతే తొండ తవ్వినప్పుడు మీద పడతాయి.

తేమ 30 నుంచి 40 శాతం ఉంటే చాలు. గాలి ఆడేందుకు గూటికి రెండు వైపులా కన్నాలుండాలి. తేమ ఎక్కువై గాలి నిలిచిపోతే ఊపిరితిత్తుల జబ్బులొస్తాయి. నీళ్ల గిన్నె చల్లటి వైపు పెట్టి రోజూ మార్చాలి.

మన దగ్గర పెంచాలనుకునేవాళ్లకు లెక్క తిరగబడుతుందని గుర్తుంచుకోవాలి. రాజమండ్రిలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం గదే 40 డిగ్రీలుంటే గూట్లో ‘చల్లటి వైపు’ ఎక్కడి నుంచి వస్తుంది? విశాఖ, మచిలీపట్నం గాలిలోని తేమను ఏ పెట్టెలో ఆపగలం? విదేశాల్లోనివారి తిప్పలు వేడి కోసమైతే మన తిప్పలు నీడ కోసం, పొడి గాలి కోసం.

గిన్నెలో ఏముండాలి?

పిల్ల తొండకు ఎక్కువగా పురుగులు, పెద్దదానికి ఎక్కువగా ఆకులు. వయసొచ్చేకొద్దీ శాకాహారం వైపు మళ్లుతుందన్నమాట! ఆవాకు, గుమ్మడికాయ తురుము లాంటివి పెట్టొచ్చు. పాలకూర మనకు మంచిదే కానీ అందులోని ఆమ్లం కాల్షియాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి దీనికి రోజూ పెట్టకూడదు. అవకాడో అసలే వద్దు. కీచురాళ్లు, బొద్దింకలు దుకాణాల్లో పెంచి అమ్మేవే కొనాలి. వాటికి కాల్షియం పొడి అద్ది ఇవ్వాలి. పురుగు పొడవు తొండ రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు. తినగా మిగిలిన కీచురాళ్లను రాత్రికి గూట్లో వదిలేయొద్దు. నిద్రపోతున్న తొండనే అవి కొరుకుతాయి. పెరట్లో పట్టిన పురుగులు పెట్టడం ప్రమాదం. పురుగుమందు ఒకటే భయం కాదు, ఒక్క మిణుగురు పురుగు చాలు దాని ప్రాణం తీయడానికి.

పసిపాప ఉన్న ఇల్లా?

ఇది పెద్దవాళ్లు జాగ్రత్తగా చదవాల్సిన భాగం. ఎంత ఆరోగ్యంగా ఉన్న సరీసృపమైనా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాను పేగుల్లో మోస్తుండొచ్చు. దానికి ఏమీ కాదు. మనకు విరేచనాలు, జ్వరం రావచ్చు. పసివాళ్లలో అది ప్రాణాంతకం కావచ్చు. అయిదేళ్లలోపు పిల్లలు, 65 ఏళ్లు పైబడినవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఉన్న ఇళ్లకు ఇలాంటి జంతువులు తగవని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది.

మన కుటుంబాల్లో ఇది ఊరికే రాసుకునే హెచ్చరిక కాదు. కూతురికి పురుడొచ్చిందని అమ్మానాన్నలు అమెరికా వెళ్తారు. ఇంట్లో పసిగుడ్డు, పెద్దవాళ్లు, ఓ పక్క పెద్ద మనవడి తొండ! అలాంటప్పుడు గూడును వంటింటికీ పాప గదికీ దూరంగా పెట్టాలి. గూటి సామాను వంటింటి సింకులో కడగకూడదు. తొండను తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఆ చేతులతో పాపను ఎత్తుకోకూడదు. ముద్దులు పెట్టుకోవడం అసలే వద్దు. ఇవన్నీ పాటించడం కుదరదనిపిస్తే పాప పెద్దయ్యేదాకా తొండ మాట వాయిదా వేయడమే మంచిది.

తెచ్చే ముందు

ఆస్ట్రేలియా తన వన్యప్రాణుల వ్యాపార ఎగుమతిని 1960ల్లోనే ఆపేసింది. ఇప్పుడు ఇతర దేశాల్లో అమ్మేవి ఇళ్లలో, కేంద్రాల్లో పుట్టిపెరిగినవి. సొంతగడ్డ మీద కూడా న్యూసౌత్‌వేల్స్ లాంటి రాష్ట్రాల్లో లైసెన్సు లేనిదే పెంచుకోనివ్వరు. మన దేశంలోకి విదేశీ జంతువును తేవాలంటే ప్రభుత్వ అనుమతులుండాలి. కాగితాలు చూపించని వాళ్ల దగ్గర కొనొద్దు. ‘పోనీ మన ఉడుమునో నక్షత్ర తాబేలునో పెంచుకుందాం’ అంటారా? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

ఇంకో రెండు ప్రశ్నలు ఇంట్లో అందరూ కూర్చుని వేసుకోవాలి. సరీసృపాలకు వైద్యం చేసే డాక్టరు మీ ఊళ్లో ఉన్నారా? ఇది సరిగ్గా చూసుకుంటే పదేళ్లూ అంతకు మించీ బతుకుతుంది. ఇవాళ మారాం చేస్తున్న ఎనిమిదేళ్ల బాబు కాలేజీకి వెళ్లిపోయాక దీపం ఎవరు మారుస్తారు?

జవాబులు దొరికితే ముందు గూడు కొనండి. దీపాలు బిగించి వారం రోజులు వెలిగించి, పొద్దునా సాయంత్రం రెండు చివర్ల వేడినీ ఒక పుస్తకంలో రాయమనండి. ఆ వారం పిల్లాడు ఓపిగ్గా రాస్తే, తొండ వచ్చాక కూడా చూసుకుంటాడని నమ్మకం. మూడో రోజుకే విసుగేసి వదిలేశాడా... గూడు తిరిగి ఇచ్చేయొచ్చు. నష్టం కొంత డబ్బే. అదే ముందు తొండను తెచ్చి ఉంటే, ఆ నష్టాన్ని అది తన ఎముకలతో కట్టేది.

గుర్తుంచుకోవాల్సిన అంకెలు

గూడు: కనీసం 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు.
ఎండ దీపం కింద: 38-42 డిగ్రీల సెల్సియస్.
చల్లటి వైపు: 25 డిగ్రీల దగ్గర.
రాత్రి: దీపాలు ఉండకూడదు, 18 డిగ్రీలకు తగ్గకూడదు.
యూవీబీ ట్యూబు: 10-12 శాతం రకం, ఏడాదికోసారి మార్పు.
తేమ: 30-40 శాతం.
ఒక గూట్లో: ఒక్కటే తొండ.